అంగుళానికి ఏడాది

ఆమె మొదటిసారి వచ్చింది ఆదివారం పొద్దున పది గంటలకు. ఆదివారాలు వడ్రంగి కార్ఖానాకు సెలవు. ఆ రోజు మేస్త్రి ఉలులు నూరుకుంటాడు. వాళ్ళక్క గుమ్మంలో కూర్చుని వారమంతా వాడిన పాలిష్ గుడ్డలు ఉతుకుతుంది. షట్టరు సగం ఎత్తి ఉంది. ఆమె వంగి లోపలికి తొంగిచూసి, "టేబుల్ చేస్తారా?" అని అడిగింది.

"ఆదివారం పని చెయ్యం," అన్నాడు మేస్త్రి తలెత్తకుండా.

"ఇవాళే చేసిమ్మనడం లేదండీ. అసలు చేస్తారా అని అడుగుతున్నాను."

అక్క నవ్వింది. మేస్త్రి లేచి షట్టరు పూర్తిగా పైకి తోశాడు.

ఆమె రైల్వే గేటు పక్కనున్న పోస్టాఫీసులో పార్సిలు కౌంటరు చూస్తుంది. పదిహేడేళ్ళ నుంచీ అదే కౌంటరు. వయసు నలభై ఆరు. భర్తతో విడిపోయి పద్నాలుగేళ్ళయింది. ఇవన్నీ అక్క తర్వాత రాబట్టిన వివరాలు. ఆ రోజు ఆమె చెప్పింది టేబుల్ కొలతలే. పొడవు నాలుగడుగులు, వెడల్పు రెండున్నర, ఒక డ్రాయరు.

"ఇద్దరు కూర్చునేంత ఉంటే చాలు. ఉండేది ఒక్కదాన్నే. ఇన్నాళ్ళూ పార్సిలు పెట్టె మీద పళ్ళెం పెట్టుకుని తింటున్నాను. వంగి వంగి నడుం పట్టేస్తోంది."

మేస్త్రి బల్ల మీద అయిదు చెక్క ముక్కలు వరసగా పేర్చాడు. అన్నీ ఒకే కొలత, జానెడు పొడవు. వచ్చినవాళ్ళందరికీ ముందు అవే చూపిస్తాడు, అవే మాటలు చెబుతాడు.

"ఇది టేకు. చెద పట్టదు, వంగదు. అందరూ అడిగేది ఇదే. ఇది వేప. పురుగు దూరదు, మేకు కూడా దూరదు. ఇది మామిడి. అయిదేళ్ళు మన మాట వింటుంది, ఆ తర్వాత పురుగు మాట వింటుంది. ఇది తుమ్మ. బండి చక్రాలకు బాగుంటుంది. అన్నం తినే బల్లకు తుమ్మ ఎందుకు, యుద్ధానికెళ్తామా? ఇది పనస. ఇప్పుడు పచ్చగా ఉంది గానీ ఏళ్ళు గడిచేకొద్దీ ఎర్రబడుతుంది."

వచ్చినవాళ్ళు మామూలుగా రంగు చూస్తారు. లేదంటే పక్కింటివాళ్ళు ఏది చేయించుకున్నారో గుర్తు చేసుకుని అదే అడుగుతారు. ఈమె రంగు చూడలేదు. ఒక్కో ముక్కనూ అరచేతిలో పెట్టుకుని రెండుసార్లు పైకీ కిందకీ ఆడించింది.

"ఇది రెండొందల యాభై. ఇది రెండొందల ఎనభై అయిదు. ఇది... మూడొందల పదిహేను ఉంటుంది."

"ఏంటవి?"

"గ్రాములు."

మేస్త్రి లోపలికెళ్ళి అలమరా కింది అరలోంచి కాటా తీశాడు. పని నేర్పిన గురువు దగ్గర్నుంచి వచ్చిన కాటా అది. దాని మీది దుమ్మును చొక్కా చేతితోనే తుడిచాడు. టేకు ముక్క రెండొందల యాభై రెండు తూగింది. మిగతావాటిలో ఏదీ ఆమె చెప్పినదానికి అయిదు గ్రాములకు మించి తేడా రాలేదు.

"కాటా ఎక్కించకముందే చెయ్యి చెప్పేస్తుందండీ," అంది ఆమె. "అలవాటైపోయింది. ఇంట్లో ఉప్పు పొట్లం ఎత్తినా నోట్లోంచి అంకె వస్తుంది."

మేస్త్రి ముప్ఫై అయిదేళ్ళుగా చెక్క పని చేస్తున్నాడు. అతను కూడా చెక్కను ముందు చేత్తో తూచి, ఆ తర్వాత వేలి కణుపుతో కొట్టి చప్పుడు విని ఎంచుకుంటాడు. అలా ఎంచుకునే మనిషిని గురువు పోయాక అతను మళ్ళీ చూడలేదు.

అటక మీద పదకొండు టేకు పలకలు ఉన్నాయి. పడగొట్టిన బడి తలుపుల నుంచి వచ్చినవి. నలభై ఏళ్ళుగా ఆరినవి. వాటితో అయితే పదిహేను రోజుల్లో టేబుల్ ఆమె ఇంట్లో ఉంటుంది. మేస్త్రి అటక మాట ఎత్తలేదు.

"మీకు పనస బాగుంటుంది మేడం," అన్నాడు. "మొన్ననే దుంగ కోయించాను. పచ్చిది. ఆరాలి."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"అంగుళానికి ఏడాది."

అది అబద్ధం కాదు. అంగుళం మందం పలక నీడలో ఆరడానికి ఏడాది అని ఆ పని చేసేవాళ్ళందరూ చెప్పే లెక్కే.

"ఏడాదా!"

"అంతకంటే ముందే ఆరినా ఆరొచ్చు. నెలకోసారి తూస్తాం. తడి పోయేకొద్దీ బరువు తగ్గుతుంది. వరసగా రెండు నెలలు ఒకటే తూకం వస్తే ఆరినట్టు."

తూకం అన్న మాట వినగానే ఆమె ముఖం వెలిగింది. "నేను చూడ్డానికి రావచ్చా?"

"మొదటి ఆదివారం రండి."

ఆమె వెళ్ళాక అక్క గుడ్డలు పిండుతూ, "అటక మీది టేకుకు ఏమొచ్చిందిరా?" అంది.

"అది వేరే పనికి."

"ఏ పనికి?"

మేస్త్రి ఉలి అందుకుని రాయి మీద నూరడం మొదలుపెట్టాడు.

"తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాడట," అంది అక్క. "ఆ కాటా బయటికి తీసి పదేళ్ళయింది. ఇవాళ చొక్కాతో తుడిచావు. ఉతికేదాన్ని నేనేగా."

వెనకగోడ నీడలో ఆరు పనస పలకలు పేర్చారు. ఒక్కొక్కటి నాలుగున్నర అడుగుల పొడవు, పది అంగుళాల వెడల్పు, అంగుళం మందం. గాలి ఆడేందుకు మధ్యమధ్య బద్దలు, పైన బరువుకు రెండు రాళ్ళు. అన్నిటికన్నా పైన ఉన్నది తూకం పలక. మొదటి రోజు అది ఏడున్నర కిలోలు తూగింది. మేస్త్రి ఆ అంకెను పెన్సిలుతో పలక మీదే రాశాడు.

ఆమె ప్రతి నెలా మొదటి ఆదివారం సరిగ్గా పదింటికి వచ్చేది. ముందు తానే పలక ఎత్తి అంకె చెప్పేది. తర్వాత కాటా. ఆరు కిలోల ఎనిమిది వందలు. తర్వాత నెల ఆరూ పావు. పని అయిపోయాక అక్క టీ పెట్టేది. ముగ్గురూ గుమ్మంలో కూర్చునేవాళ్ళు. ఆమె పార్సిళ్ళ కబుర్లు చెప్పేది. లోపల గడియారం టిక్కుటిక్కుమంటుంటే బాంబేమోనని ఆఫీసంతా రోడ్డు మీదకు పరిగెత్తిన రోజు గురించి. కొడుక్కి ఒక బూటు ఈ వారం, రెండో బూటు పై వారం పంపిన పెద్దాయన గురించి.

"మధ్యలో వారమంతా ఆ కొడుకు కుంటుకుంటూ తిరిగాడా?" అని అక్క అడిగింది.

"అది రాసి పంపలేదండీ," అంది ఆమె.

మేస్త్రి నవ్వేవాడు, పెద్దగా మాట్లాడేవాడు కాదు. అతని భార్య పోయి పదకొండేళ్ళయింది. అప్పట్నుంచీ అతను ఎక్కువగా మాట్లాడింది చెక్కల గురించే. మూడో నెల నుంచి మొదటి ఆదివారాలు ఇస్త్రీ చొక్కా వేసుకోవడం మొదలుపెట్టాడు.

"చెక్క ఆరుతోంది, నువ్వు చిగురిస్తున్నావు," అంది అక్క.

అయిదో నెల తూకం అయిదు కిలోల మూడొందల యాభై వచ్చింది. ఆమె పలక మీది అంకెలన్నీ వేలితో వెంబడించి చదివింది. "తగ్గడం తగ్గిపోతోంది చూశారా? మొదట ఏడొందలు తగ్గింది. ఇప్పుడు రెండొందలే. ఇలాగైతే ఇంకో మూడు నెలల్లో ఆగిపోతుంది. ఏడాదక్కర్లేదు మేస్త్రిగారూ."

"అవును," అన్నాడు మేస్త్రి.

తూకం ఆగితే టేబుల్ మొదలవుతుంది. టేబుల్ అయితే ఆమె తీసుకెళ్ళిపోతుంది. భోజనాల బల్ల చేయించుకున్నవాళ్ళు మళ్ళీ వడ్రంగి గుమ్మం ఎక్కరు. ఎక్కాల్సిన అవసరం రాకుండా చేయడమే అతని పని.

ఆరో నెల మొదటి ఆదివారానికి నాలుగు రోజుల ముందు మేస్త్రి తూకం పలకను తీసుకెళ్ళి కొళాయి దగ్గర నీళ్ళ బకెట్లో నిలబెట్టాడు. బకెట్ లోతుకు ఒక చివర మునిగింది. రెండు రోజులు అలాగే ఉంచాడు. మూడో రోజు తీసి తుడిచి, చేతికి తడి తగలకుండా పైపైన ఆరబెట్టాడు. పచ్చి చెక్క పనిలో వాడారని అతను ఇద్దరు పనివాళ్ళను కార్ఖానా నుంచి పంపేసినవాడు. కింది అయిదు పలకల జోలికి వెళ్ళలేదు. వాటి మీద నీళ్ళు పోయడానికి అతనికి చేతులు రాలేదు.

అక్క వంటగది కిటికీలోంచి చూసింది. "చెక్కకు స్నానమైందా? జలుబు చేస్తుందేమో, కాస్త సాంబ్రాణి వెయ్యనా?"

"అక్కా, నువ్వూరుకో."

"నేనూరుకుంటాను. నోరు తెరవాల్సినవాడివి నువ్వు."

ఆ ఆదివారం ఆమె పలక ఎత్తి, దించకుండా అలాగే పట్టుకుంది. "అయిదు నాలుగొందలు. పెరిగింది." కాటా అయిదు నాలుగొందల పది చూపించింది.

"గాల్లో తేమ ఉంది," అన్నాడు మేస్త్రి.

"ఈ చివర ఎక్కువ బరువుగా ఉంది."

"అది చెట్టు మొదలు వైపు."

"ఓహో," అంది ఆమె. టీ తాగి వెళ్ళింది.

రెండుసార్లు ఒకటే తూకం వస్తే ఆరినట్టు అని నియమం పెట్టింది మేస్త్రే. అందుకని అతను ఏ నెలా ముందు నెల అంకె రాకుండా చూసుకోవాల్సి వచ్చింది. ఏడో నెల అయిదు మూడొందలు. ఎనిమిదో నెల అయిదు నాలుగొందల అరవై. ఆ నెలంతా చినుకు పడలేదు. తారు రోడ్డుకు చెప్పులు అంటుకున్నాయి. గాల్లో తేమ ఉందని మేస్త్రి మళ్ళీ అన్నాడు. ఆమె పలక మీది అంకెలు చూసింది, అతని ముఖం చూసింది.

తొమ్మిదో నెల ఆమె పలక ఎత్తింది గానీ అంకె చెప్పలేదు. దాన్ని కాటా మీద పెట్టి, మేస్త్రి పెన్సిలు తీసేలోపు అడిగింది.

"మేస్త్రిగారూ, చెక్క సంగతి కాకుండా మీరు నాకేమైనా చెప్పాలా?"

వంటగదిలో గిన్నెల చప్పుడు ఆగింది.

మేస్త్రి పెన్సిలు చెవి వెనక పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. "డ్రాయరు కుడివైపు పెట్టమంటారా, ఎడమవైపా?"

ఆమె కాటా మీంచి పలక దించింది. "కుడి," అంది.

లోపల ఏదో పళ్ళెం కింద పడింది. అది జారిపడ్డ చప్పుడు కాదు, విసిరేసిన చప్పుడు.

పదో నెల ఆమె లోపలికి రాలేదు. గుమ్మంలోనే నిలబడింది.

"నాకు బదిలీ అయిందండీ. ఈ నెల ఇరవై ఆరున వెళ్ళాలి. బస్సులో ఎనిమిది గంటల దారి. టేబుల్ ఇక అవదు కదా?"

"అవుతుంది," అన్నాడు మేస్త్రి.

"చెక్క ఆరలేదుగా?"

అతను వెనకగోడ వైపు చూశాడు. అక్క వైపు చూశాడు. అక్క తల తిప్పుకుంది.

"అదొక్కటే ఆరలేదు," అన్నాడు. "కింది అయిదూ ఆరాయి. రెండు నెలలైంది."

ఆమె లోపలికి వచ్చి రాళ్ళు దించింది. తూకం పలక పక్కన పెట్టి, కింది అయిదింటినీ ఒక్కొక్కటిగా ఎత్తి చూసింది. నాలుగు తొమ్మిది వందలు. నాలుగు తొమ్మిది వందల యాభై. నాలుగు తొమ్మిది వందలు. అంకెలు పైకే చెప్పింది, గానీ అతనికి చెప్పినట్టు చెప్పలేదు. అయిదోది దించి చేతులు దులుపుకుంది.

"అయితే చెయ్యండి," అంది.

"టీ పెడుతున్నానమ్మా," అంది అక్క.

"ఇవాళ వద్దండీ."

మేస్త్రి పదిహేను రోజులు వేరే పని ముట్టుకోలేదు. పైభాగానికి మూడు పలకలు. మిగతా రెంటిలో కాళ్ళూ డ్రాయరూ. అంగుళం చెక్కతో కాళ్ళు నిలవవు కాబట్టి రెండేసి ముక్కలు జత చేసి అతికించాడు. చిత్రిక పడుతుంటే పొట్టు ఎక్కడా తెగకుండా చుట్టలు చుట్టలుగా వచ్చింది. అంతటి చెక్క చేతికొచ్చి చాలా ఏళ్ళయిందని అక్కతో అన్నాడు. డ్రాయరు కుడివైపు పెట్టాడు. అక్క మూడుసార్లు పాలిష్ పట్టింది.

ఇరవై మూడో తారీఖున ట్రాలీ బండిలో తీసుకెళ్ళాడు. ఆమె ఉండేది రెండో అంతస్తులో. రెండు గదులు. సామాను అట్టపెట్టెల్లో కట్టేసి ఉంది. ప్రతి పెట్టె మీదా బరువు రాసి ఉంది. కిటికీ దగ్గర ఒక కుర్చీ, దాని ముందు పార్సిలు పెట్టె. ట్రాలీ అతనూ మేస్త్రీ కలిసి పెట్టె జరిపి టేబుల్ అక్కడ పెట్టారు. ట్రాలీ అతను కిందకు దిగాడు.

నేల ఎత్తుపల్లాలుగా ఉండడంతో టేబుల్ కొంచెం ఊగింది. మేస్త్రి అట్టముక్క మడిచి ఒక కాలి కింద పెట్టాడు. ఇంకో మూడు రోజుల్లో కదిలిపోయే టేబుల్‌కు అది అక్కర్లేదు. అయినా పెట్టాడు.

"కూర్చోండి," అని ఆమె కుర్చీ చూపించింది. తను పెట్టె మీద ఎదురుగా కూర్చుంది. ఇద్దరి మధ్యా టేబుల్. ఆమె అరచెయ్యి దాని మీద ఒకసారి ఈ చివర నుంచి ఆ చివరకు పోనిచ్చింది.

"చాలా బాగుంది," అంది. తర్వాత, "ఒక్క చివర నుంచి చెక్క ఎలా తడుస్తుందో నాకు తెలీదనుకున్నారా? నీళ్ళలో నిలబడ్డ పార్సిళ్ళు నెలకు పది వస్తాయి నా దగ్గరకి."

"ఆరో నెలలోనే తెలుసా?"

"ఎత్తగానే తెలిసింది."

"మరి అడగలేదేం?"

"మీరే చెబుతారని. ఏడో నెల చూశాను. ఎనిమిదో నెల చూశాను. ఇంటికొచ్చి పెట్టె మీద తింటూ, సరేలే, నడుమే కదా అనుకున్నాను. తొమ్మిదో నెల సిగ్గు విడిచి నేనే అడిగాను. మీరు డ్రాయరు ఏ వైపన్నారు."

మేస్త్రి టేబుల్ అంచు పట్టుకున్నాడు.

"కొత్త ఆఫీసుకు ఎవరెళ్తారని అప్పటికే మాలో కాగితం తిప్పుతున్నారు. మూడు వారాలు సంతకం పెట్టకుండా ఆపాను. మీ డ్రాయరు మాట విన్నది ఆదివారం. సోమవారం పెట్టేశాను."

"వద్దని ఇప్పుడు చెప్పలేరా?"

"మూడేళ్ళు. మూడేళ్ళదాకా కదిలించరు."

పక్కింట్లో ఎవరో బిందె పెట్టి కొళాయి తిప్పారు. బిందె నిండింది.

"మీరు రావాలనే తడిపాను," అన్నాడు మేస్త్రి.

"అది నాకు తెలుసు. నేను ఎందుకు రావాలనుకున్నారో అది చెప్పలేదు మీరు."

అతను నోరు తెరిచాడు. "చెక్క ఎలాంటిదంటే మేడం..."

"చెక్క వద్దు," అంది ఆమె. గొంతు పెంచలేదు.

కింది నుంచి ట్రాలీ అతను కేకేశాడు. "మేస్త్రీ! టేబుల్ పెట్టడానికెళ్ళావా, చెయ్యడానికెళ్ళావా?"

మేస్త్రి లేచాడు. ఆమె పెట్టెల మీద అంటించే చీటీ ఒకటి తీసుకుని కొత్త చిరునామా రాసింది. వీధి, వార్డు, పిన్‌కోడు, అన్నీ చదవగలిగేలా. పదిహేడేళ్ళు ఇతరుల చిరునామాలు చదివి విసిగిన మనిషి రాత అది.

"ఉత్తరం రాయండి," అంది. "చెక్క గురించి తప్ప ఏదైనా రాయండి."

తర్వాతి నెల మొదటి ఆదివారం మేస్త్రి ఉలులు నూరలేదు. పది గంటలకు బల్ల మీది చెక్కపొట్టు పక్కకు తోసి కాగితం పరిచాడు. అక్క గుమ్మంలో కూర్చుంది. చేతిలో గుడ్డలున్నాయి గానీ ఉతకడం లేదు.

మొదటి వాక్యం టేబుల్ మీద ఎండ నేరుగా పడనివ్వకండి అని వచ్చింది. కొట్టేశాడు. రెండోది, పనసచెక్క ఆ ఊరి గాలికి కొంచెం కదలవచ్చు అని. అదీ కొట్టేశాడు. తర్వాత అక్క కులాసాగా ఉంది అని రాశాడు. అది అక్కే రాయించినట్టుంటుందని తీసేశాడు. ఆ తర్వాత నాలుగు వరసలు ఆగకుండా రాసి, చదువుకుంటే పనస అన్న మాట మూడుసార్లు కనిపించింది. వాటినీ కొట్టేశాడు. కాగితం నిండిపోయింది. ఇంకోటి తీసుకున్నాడు.

"ఏం రాశావురా?" అంది అక్క పదకొండున్నరకు.

"ఇంకా అవలేదు."

పన్నెండు గంటలకు మేస్త్రి రెండో కాగితం మడిచి కవరులో పెట్టి అంటించాడు. చీటీ చూసి చిరునామా రాశాడు. పిన్‌కోడు రెండుసార్లు సరిచూసుకున్నాడు. అక్కకు చూపించలేదు. అందులో ఉన్నది ఒక్క వాక్యం.

ఈ ఆదివారం మీరు రాలేదు.